జలపాతం ఫొటోలకి ఏ ఫిల్టర్ కొనాలి: పెంచలకోన, భైరవకోన వెళ్లేవాళ్ల కోసం

మన నెల్లూరు వైపు జలపాతాలకి అసలు సీజన్ ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు, నవంబరుల్లో నాలుగు గట్టి వానలు పడ్డాయంటే రాపూరు దాటి పెంచలకోనలోనూ, అటు సి.ఎస్.పురం వైపు భైరవకోనలోనూ నీళ్లు దూకుతుంటాయి. కెమెరా ఉన్నవాళ్లంతా ఏ ఫిల్టర్ కొనాలని అడిగేదీ అప్పుడే, అడిగి చివరికి చాలామంది పది స్టాపుల ఎన్‌డీ (లెన్సులోకి వచ్చే వెలుతురుని తగ్గించే ముదురు అద్దం) కొనేస్తారు. దయచేసి దాంతో మొదలుపెట్టకండి. ముందు పోలరైజర్ (తడి మెరుపుని తగ్గించే, తిప్పుకునే ఫిల్టర్) కొనండి, తర్వాత ఆరు స్టాపుల ఎన్‌డీ.

ఎందుకంటే నీళ్లు మెత్తగా జారుతున్నట్టు కనపడటానికి షట్టర్ మరీ ఎక్కువసేపు తెరిచి ఉండక్కర్లేదు. పావు సెకను నుంచి రెండు సెకన్ల లోపు నీళ్లు దువ్విన జుట్టులా పాయలు పాయలుగా వస్తాయి, ఏ పాయ ఎక్కడ రాయిని తాకి పక్కకి మళ్లిందో కూడా తెలుస్తుంది. పదిహేను సెకన్లు తెరిచారంటే ఆ పాయలన్నీ కలిసిపోయి తెల్లటి ముద్ద మిగులుతుంది, పైగా గాలికి పక్కనున్న ఆకులు కూడా చెదిరిపోతాయి. నీళ్లు జోరుగా పడుతుంటే తక్కువ సమయం చాలు, వానలు వెనకబట్టి సన్నటి ధార మిగిలినప్పుడు కాస్త పెంచుకోవాలి.

లెక్క కష్టమేం కాదు. ఒక్కో స్టాపు వెలుతురుని సగం చేస్తుంది, కాబట్టి షట్టర్ సమయం రెట్టింపవుతుంది. ఎన్‌డీ8 అంటే మూడు స్టాపులు, ఎన్‌డీ64 అంటే ఆరు, ఎన్‌డీ1000 అంటే పది. కొన్నిటి మీద 0.9, 1.8, 3.0 అని రాస్తారు, అవీ వరసగా ఇవే. పొద్దున్నే కోనలో ఇంకా నీడ ఉండగా ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 దగ్గర కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ సెకనులో 30వ వంతు చూపించిందనుకోండి. పోలరైజర్ పెడితే రెండు స్టాపుల దాకా తగ్గి 8వ వంతుకి వస్తుంది, దాని మీద ఎన్‌డీ8 వేస్తే ఒక సెకను. ఎండెక్కి 125వ వంతు చూపిస్తే ఎన్‌డీ64 ఒక్కటే అర సెకను ఇస్తుంది. అక్కడే పది స్టాపులది పెడితే ఎనిమిది సెకన్లు! ఫిల్టర్ ఎందుకు, ఎఫ్/22 కి వెళ్తే సరిపోదా అంటారేమో, అంత చిన్న ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) దగ్గర ఫొటో మొత్తం పదును తగ్గుతుంది.

పోలరైజర్‌ని మాత్రం వెలుతురు తగ్గించే అద్దంగా చూడకండి. తడిసిన నల్లరాయిని దగ్గరగా చూస్తే పైన ఆకాశం తెల్లగా మెరుస్తూ ఉంటుంది, ఫొటోలో ఆ మెరుపే రాయి రంగుని తినేస్తుంది. పోలరైజర్ ముందు రింగుని నెమ్మదిగా తిప్పుతూ ఉండండి, ఒకచోట ఆ తెలుపు కరిగిపోయి రాయి నల్లగా, దాని మీద నాచు పచ్చగా బయటపడతాయి, గుంటలో నీళ్ల అడుగున గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. నాకు ఇప్పటికీ అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఫొటోలో మెరుపు కప్పేశాక దాని కింది రంగుని తర్వాత కంప్యూటర్‌లో తెచ్చుకోవడం కుదరదు, అందుకే ముందు ఇదే కొనమంటున్నాను.

కొనేటప్పుడు లెన్సు ముందు సున్నాకి అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన 55, 67, 77 ఇలా ఏ అంకె ఉందో చూడండి, అదే మిల్లీమీటర్లలో ఫిల్టర్ సైజు. రెండు మూడు లెన్సులుంటే పెద్ద సైజు ఫిల్టర్ ఒకటే కొని మిగతావాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్సుకి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసేవి) వేసుకోండి, బోలెడు డబ్బు మిగులుతుంది. తిప్పితే ముదురయ్యే వేరియబుల్ ఎన్‌డీ వీడియోకి బాగుంటుంది కానీ, వైడ్ లెన్సు మీద చివరిదాకా తిప్పితే ఫొటోలో ఇంటూ గుర్తులాంటి నల్ల చారలు పడతాయి. మరీ చవకరకం కూడా వద్దు. నేను మొదట కొన్న ఎన్‌డీతో ఒక రోజంతా తీసిన ఫొటోల్లో నీళ్లు వంకాయరంగులో వచ్చాయి, జేపెగ్‌లో తీయడంతో ఒక్కటీ సరిదిద్దుకోలేకపోయాను. రా (RAW) ఫార్మాట్‌లో తీస్తే ఆ టెన్షన్ చాలావరకు ఉండదు.

అక్కడికెళ్లాక ముందు ఫోకస్ చేసి మాన్యువల్‌లోకి మార్చాకే ముదురు ఎన్‌డీ బిగించండి. యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, ఒకదాని మీద ఒకటిగా ఫిల్టర్లు ఎక్కువైతే ఫొటో మూలలు నల్లబడతాయి. ట్రైపాడ్ కాళ్లు పారే నీళ్లలో కాకుండా రాయి మీద ఆనించి, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసేది) ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. పైన కొండల్లో వాన పడి నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడితే సామాన్ల సంగతి తర్వాత, ముందు గట్టుకి వచ్చేయండి.

తుంపర అద్దం మీద పడుతూనే ఉంటుంది, కాబట్టి రెండు మూడు పొడి బట్టలు జేబులో ఉంచుకుని ప్రతి ఫొటోకి ముందు తుడవండి. ఫిల్టర్ బిగుసుకుపోయి రాకపోతే గట్టిగా నొక్కకండి, అంచు చుట్టూ ఒక రబ్బర్ బ్యాండ్ వేసి తేలిగ్గా తిప్పితే వచ్చేస్తుంది.