ఫౌజు నుంచి వచ్చాక ఫైనాన్స్‌లోకి ఇలా రండి

పదిహేడేళ్లు సర్వీసు చేసి అనంతపురం తిరిగొచ్చిన అన్నా, నలభై దాటింది కదా, ఇంక బ్యాంకు ఉద్యోగం మనకెక్కడిది అనుకోవద్దు. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకో. వెళ్లేముందు డిశ్చార్జ్ బుక్కు, పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం సరిచూసుకో, నాకు ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకే రెండు నెలలు తిరగాల్సి వచ్చింది.

ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు మాజీ సైనికులకు చేసిన సర్వీసుతో పాటు ఇంకో 3 ఏళ్లు వయసు సడలింపు ఉంటుంది, 50 దాటకుండా. లెక్కలు మర్చిపోయి ఉంటావు, టెన్షన్ వద్దు, పీటీకి లేచే టైమ్‌కే లేచి రోజూ గంటసేపు చెయ్.

పరీక్షల పోటీ వద్దనుకుంటే మ్యూచువల్ ఫండ్లు, అంటే జనం డబ్బు పోగేసి షేర్లు, బాండ్లలో పెట్టే పథకాలు, అమ్మే పని చూడు. దానికి ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ పెట్టే సిరీస్ 5-ఎ పరీక్ష రాయాలి: 2 గంటలు, 100 ప్రశ్నలు, 50 వస్తే పాస్, తప్పులకు మార్కులు కొయ్యరు. ఆ తర్వాత మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. మొదట్లో కమిషన్ చాలా తక్కువ, పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది కాబట్టి ఓపిక పట్టగలవు. నీ మొదటి కస్టమర్లు తోటి ఫౌజీలే, రిటైర్మెంట్ డబ్బు మొత్తం నిన్ను నమ్మి తెస్తారు, పిల్ల పెళ్లికి ఎంత, ఎప్పుడు కావాలో అడిగి రాసుకున్నాకే ఫారం ముట్టుకో.