పొద్దున కోట, మధ్యాహ్నం ఫ్యాక్టరీ: స్టూడెంట్స్‌తో బయల్దేరే ముందు

పాత కోటనూ, నడుస్తున్న ఫ్యాక్టరీనీ ఒకే రోజులో చూపించే టూర్లు ఇప్పుడు మామూలే. హిస్టరీ మేడం కోట అంటారు, సైన్సు సార్ ఫ్యాక్టరీ అంటారు, బస్సు ఒకటే కాబట్టి రెండూ కలిపేస్తారు. అందులో తప్పేం లేదు. కాకపోతే రెండు చోట్లా ప్రమాదం ఒకేలా ఉండదు. ఫ్యాక్టరీలో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో అక్కడివాళ్లకు తెలుసు. నేల మీద పసుపు గీత గీస్తారు, బోర్డు పెడతారు, వెంట మనిషిని పంపిస్తారు. ఆ మనిషి మాట వినాలి, అంతే. కోటలో చాలాచోట్ల చెప్పేవాళ్లే ఉండరు. ఏ రాయి కదులుతోందో, ఏ పొద మాటున బావి ఉందో మనమే చూసుకోవాలి. అందుకే జాగ్రత్తలన్నీ పొద్దున్నే ఒక్కసారిగా అప్పజెప్పకండి, మధ్యాహ్నానికి ఎవరికీ గుర్తుండవు. ఏ చోటు సంగతి ఆ చోట, బస్సు తలుపు తీయకముందే, అయిదు నిమిషాల్లో చెప్పండి.

ముందు ఏది చూడాలంటే నా ఓటు కోటకే. ఎండ ముదరకముందే ఎక్కి దిగేయొచ్చు. అలిసిన కాళ్లతో అరిగిపోయిన మెట్లు దిగడం కంటే అలిసిన కాళ్లతో చదునైన నేల మీద నడవడం నయం. భోజనమయ్యాక ఓ అరగంట కూర్చోబెట్టి అప్పుడు ఫ్యాక్టరీకి తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే షిఫ్ట్ ఎప్పుడు మారుతుందో అడగండి. ఆ టైములో గేటు దగ్గర లారీలు, బండ్లు, మనుషులు ఒకేసారి కదులుతుంటారు. పిల్లల గుంపుతో అక్కడ ఉండకపోవడమే మంచిది.

లెక్క విషయం. నడుస్తున్న గుంపును లెక్కపెట్టడం దండగ. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, ఒక జత ఇవ్వండి. బస్సులో అందరూ కూర్చున్నాక ఇద్దరు టీచర్లు విడివిడిగా లెక్కపెట్టాలి, రెండు లెక్కలూ కలిస్తేనే బండి కదలాలి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్హేలర్, అలర్జీ ఉన్నవాళ్ల మందు వాళ్ల జేబులోనే ఉండాలి. బస్సులో బ్యాగులో ఉంటే లేనట్టే. రెండు చోట్లకూ దగ్గర్లోని ఆసుపత్రి ఏదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి, సిగ్నల్ లేకపోయినా పనికొస్తుంది.

కోటలో

చీకటి గదిలోకో సొరంగంలోకో వెళ్లేముందు గుమ్మం దగ్గర కాసేపు ఆగండి. ఎండలోంచి లోపలికి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాస్త సేపట్లోనే గడప తగిలో మెట్టు తప్పో పడిపోతారు. టార్చ్ ఉన్నవాళ్లు ఒకరు ముందు, ఒకరు వెనక నడవాలి. గబ్బిలాలు కాపురమున్న గదుల్లోకి అసలు వెళ్లొద్దు, ఆ రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కన్ను చూడని సందులో చెయ్యి పెట్టొద్దని కూడా చెప్పండి. పాములకూ తేళ్లకూ అలాంటి రాళ్ల సందులే ఇళ్లు.

పిట్టగోడ నడుముకంటే ఎత్తు తక్కువుంటే అది ఆపుతుందనుకోకండి. శరీరం బరువు గోడకు పైన ఉంటుంది, కాస్త తూలితే అవతలికే. ఫోటో కోసం వెనక్కి నడవడం మాత్రం గట్టిగా ఆపించాల్సిందే. ఫోన్ స్క్రీన్ చూస్తూ ఒక్క అడుగు కూడా వేయొద్దు, నిలబడి తీసుకోవాలి. మొన్నమొన్నే వాన పడి ఉంటే పగుళ్లిచ్చిన గోడల కిందా, చెట్ల వేళ్లు చొరబడిన గోడల కిందా భోజనాలకు కూర్చోబెట్టకండి. గోడ ఎంత ఎత్తుంటే కనీసం అంత దూరం జరగండి.

తోరణాల కింద, బురుజుల అంచుల్లో తేనెపట్టు ఉందేమో తలెత్తి చూడండి. చాలామంది చూడరు. రాయి విసరడం, పొగ, ఘాటైన సెంటు, ఈ మూడూ తేనెటీగలను రేపుతాయి. లేచాయంటే చేతులు ఆడించకుండా, ముఖానికి గుడ్డ కప్పుకుని, బస్సులోకో తలుపులున్న గదిలోకో తిన్నగా పరుగెత్తాలి. నీళ్లలో దూకడం పనికిరాదు, అవి పైనే తిరుగుతుంటాయి. కుట్టిన ముల్లు విషాన్ని ఇంకా లోపలికి పంపుతూనే ఉంటుంది కాబట్టి గోటితోనో, ఐడీ కార్డు అంచుతోనో, దూరం వెళ్లిన వెంటనే గీకేయాలి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కుట్టిన చోట ఈగ వదిలే వాసన మిగతావాటిని పిలుస్తుంది, అందుకే అక్కడే నిలబడి తీసుకోకుండా ముందు దూరం వెళ్లాలి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికే.

దిగుడు బావుల్లో, కందకాల్లో నీటి అంచు మెట్లకు పాచి పట్టి ఉంటుంది. ఎవరైనా పడితే ఇంకొకరు దూకొద్దు. చున్నీ, తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది చేతికందితే అది అందించాలి, విసరాలి. ఉరుము వినిపిస్తే బురుజు దిగేసి బస్సులోకి వచ్చేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వద్దు.

ఎండ దెబ్బ గురించి ఒక్కటి గుర్తుంచుకోండి. పిల్ల తలనొప్పి అంటే నీడ, నీళ్లు చాలు. పొంతన లేకుండా మాట్లాడుతోందంటే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేయిస్తూనే ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

ఫ్యాక్టరీలో

బట్టల సంగతి ముందురోజే చెప్పాలి. వేళ్లు కనబడని బూట్లు, కాటన్ బట్టలు. కొలిమి ఉన్న చోట సింథటిక్ బట్ట మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. జడ ముడి వేసుకోవాలి, చున్నీ బస్సులో వదిలేయాలి, గాజులు, ఉంగరాలు తీసేయాలి. మనమే మెడలో వేయించే ఐడీ కార్డు తాడు కూడా యంత్రంలో తిరిగే ఇరుసుకి (షాఫ్ట్‌కి) చిక్కుకునేదే, దాన్ని జేబులో పెట్టించండి.

ఇయర్ ప్లగ్ ఇస్తే సగం మంది చెవి గుమ్మంలో ఆనించి వదిలేస్తారు. స్పాంజి రకాన్ని వేళ్ల మధ్య సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోయాలి, అది ఉబ్బేదాకా వేలితో అలా పట్టుకోవాలి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే శబ్దం సుమారు 85 డెసిబెల్స్ చేరినట్టే. అయితే చెవులు మూసుకున్న పిల్లలకు మీ కేక వినపడదు, చెయ్యెత్తితే ఆగాలని ముందే అనుకోండి.

సరుకు ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి తిరిగేది వెనక చక్రాలతో, మలుపు తిప్పినప్పుడు తోక పక్కకు కొడుతుంది. ముందు ఎత్తుగా సరుకుంటే డ్రైవర్‌కి మీరు కనబడరు. కాబట్టి పక్కన సందు ఉంది కదా అని దూరకూడదు.

కరిగిన ఉక్కు దాదాపు 1,600 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని కింద నీళ్లు చిక్కుకుంటే ఒక్కసారిగా ఆవిరై, 1,600 రెట్లకు పైగా పెరిగి, లోహాన్ని ఎగజిమ్ముతుంది. కొలిమి దగ్గరికి వాటర్ బాటిల్ తేవద్దనేది అందుకే, ఇది పిల్లలకు కారణంతో సహా చెబితే వింటారు. ఖాళీ ట్యాంకుల్లోకి, గుంటల్లోకి తల పెట్టి చూడకూడదు. లోపల నైట్రోజన్ లాంటి గ్యాస్ నిండి ఉండొచ్చు, దానికి వాసన ఉండదు, ఆక్సిజన్ తగ్గిన సంగతి తెలిసేలోపే కళ్లు తిరుగుతాయి. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది కాబట్టి వాసన పోయింది, గ్యాస్ పోయిందనుకోవడానికి లేదు.

గేటు లోపలికి వెళ్లగానే ముందు అసెంబ్లీ పాయింట్ (ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటు) ఎక్కడో, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఎక్కడో అడిగి పిల్లలందరికీ చూపించండి. సైరన్ మోగితే వెంట ఉన్న మనిషి చెప్పిన దారిలో వెళ్లాలి. గ్యాస్ వస్తున్న వైపుకు ఎదురెళ్లొద్దు, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. అక్కడా మళ్లీ లెక్క.

తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోతారు, డ్రైవర్ తప్ప. ఆయన మధ్యాహ్నం భోంచేశారా, కాసేపు పడుకున్నారా అన్నది మనం ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే ఫోన్ చేసి కనుక్కోవాలి. టీచర్లలో ఒకరు ముందు సీట్లో మేలుకుని ఉండాలి. దిగినవాళ్లు బస్సు ముందు నుంచి రోడ్డు దాటకుండా, బస్సు వెళ్లిపోయేదాకా పక్కనే నిలబడాలి. దారిలో దిగే పిల్లల పేర్లు, తీసుకెళ్లడానికి ఎవరొస్తారో పొద్దున్నే రాయించుకోండి. రావాల్సినవాళ్లు రాకపోతే ఆ పిల్లను దించకుండా స్కూలు దాకా తీసుకెళ్లి, అక్కణ్నుంచి ఇంటికి ఫోన్ చేయండి.