చిన్న క్యాబినెట్‌కు వాటర్ కూలింగ్ – మూడో పాఠం: కిట్ ఎంచుకోవడం

ప్రాసెసర్ వేడి దాని మీద బిగించే లోహపు బ్లాక్‌లోకి, బ్లాక్ నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి రేడియేటర్ రెక్కల్లోకి వెళ్లి చివరికి గది గాలిలో కలుస్తుందని రెండో పాఠంలో చూశాం. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఉండేవాళ్లు కిట్ కొనేటప్పుడు ముందు ఆలోచించాల్సింది ఆ గది గాలి గురించే. ఇంటర్నెట్‌లో కనిపించే పరీక్షలు చాలావరకు 20–25 డిగ్రీల గదిలో చేసినవి. మన దగ్గర మే నెలలో బయట 45 దాటుతుంది. మేడ మీది గదిలో మధ్యాహ్నం 40 ఉండడం మామూలే. ఎంత ఖరీదైన కిట్ పెట్టినా నీళ్లు గది కంటే చల్లబడవు.

లెక్క వేసి చూద్దాం. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో 65 వాట్లని రాసి ఉన్నవి పూర్తి పని మీద 88 వాట్ల దాకా, 105 అని రాసి ఉన్నవి 142 దాకా తీసుకుంటాయి. పెట్టె మీది అంకె కాదు, ఈ రెండో అంకె చూడాలి. 240 మి.మీ. రేడియేటర్‌కు ఫ్యాన్లు మధ్యస్థ వేగంతో తిరుగుతుంటే, 140 వాట్ల దగ్గర నీళ్లు గది కంటే సుమారు 10 డిగ్రీలు పైన నిలుస్తాయి. నీళ్లకూ ప్రాసెసర్‌కూ మధ్య ఇంకో 35–40 తేడా ఉంటుంది. గది 20 ఉన్న డిసెంబరులో ప్రాసెసర్ 68 దగ్గర హాయిగా ఉంటుంది. అదే గది 42 అయితే 90. రైజెన్ 7000 వరుసలో ఎక్కువ చిప్‌లకు హద్దు 95, పేరు చివర ఎక్స్3డీ ఉన్న రకాలకు 89. అదే 88 వాట్ల చిప్ అయితే 42 డిగ్రీల గదిలో కూడా 70–75 దగ్గరే ఆగుతుంది. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా మొదటి సలహా కిట్ గురించి కాదు, ప్రాసెసర్ గురించి: 65 వాట్ల తరగతిది తీసుకోండి. ఇప్పటికే పెద్దది కొని ఉంటే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే అమరికల్లో) కరెంటు వాడకం తగ్గించే ఎకో మోడ్ పెట్టండి. 105 వాట్ల చిప్ 88కి దిగుతుంది, ఆటల్లో తేడా దాదాపు తెలియదు.

రెండో హద్దు నీళ్లది. పంపులకు, మెత్తని గొట్టాలకు సాధారణంగా 60 డిగ్రీల నీళ్లే గరిష్ఠం. 42 డిగ్రీల గది, పైన 10, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి రేడియేటర్‌లోంచే బయటికి పోతుంటే ఇంకో 5–6. మొత్తం 58! ప్రాసెసర్ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, పంపుకు ఆ తెలివి లేదు. అందుకే చిన్న క్యాబినెట్‌లో రేడియేటర్ బయటి గాలిని లోపలికి పీల్చేలా పెట్టడం మన ఎండలకు మంచిది. లోపలి గాలి రెండు మూడు డిగ్రీలు పెరిగినా ఫరవాలేదు.

కూలర్ సంగతి కూడా చెప్పాలి, గడ్డి పరదాల కూలర్. పొడి ఎండలో అది గదిని 30 దగ్గరికి దింపుతుంది, కంప్యూటర్‌కు కూడా మేలే. కానీ కంప్యూటర్‌ను దాని మూతికి ఎదురుగా పెట్టకండి. సన్నని తుంపర్లు గాలితో వస్తాయి. బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ రెక్కల మీద తెల్లగా పేరుకుంటుంది, అది బ్లోయర్‌తో ఊడదు. పక్క గోడకు, కనీసం ఐదారు అడుగుల దూరంలో ఉంచండి.

ఇక టేపు తీయండి. చిన్న క్యాబినెట్లలో వేసే ఐటీఎక్స్ మదర్‌బోర్డు 170 × 170 మి.మీ.; దాని చుట్టూ మిగిలిన చోటే మీ కిట్‌ను నిర్ణయిస్తుంది. '240 రేడియేటర్' అంటే 240 మి.మీ. పొడవని అనుకోవద్దు. అది రెండు ఫ్యాన్ల కొలత మాత్రమే. చివర్లలో ఉండే ట్యాంకులు కలిపి అసలు పొడవు 275–280 వస్తుంది. మందం మామూలుగా 27, ఫ్యాన్ 25, కలిపి 52. ఎక్కువమంది బోల్తా పడేది ఈ మందం దగ్గరే. తక్కువ ధరకు బాగా చల్లబరుస్తుందని పేరున్న ఆర్కటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 రేడియేటర్ మందం 38. ఫ్యాన్‌తో 63 అవుతుంది. పెద్ద టవర్‌లో బంగారం లాంటి కిట్, చిన్న డబ్బాలో మూత పడదు. 15 మి.మీ. పలుచని ఫ్యాన్లు వేసి సర్దొచ్చుగా అంటారు కొందరు. సర్దొచ్చు, కానీ పలుచని ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి గాలిని నెట్టే బలం తక్కువ, గోల ఎక్కువ.

రేడియేటర్ పైకప్పుకు పెట్టాలనుకుంటే కప్పు నుంచి ర్యామ్ కొస దాకా కొలవండి. లైట్లున్న ర్యామ్ 44 మి.మీ. దాకా లేస్తుంది, లైట్లు లేనిది 32–34 దగ్గర ఆగుతుంది. ముందు వైపు పెడితే గ్రాఫిక్స్ కార్డు పొడవులోంచి 52 పోతుంది. పక్క వైపు పెట్టే వీలుంటే అదే మేలు: కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 లాంటి 18 లీటర్ల క్యాబినెట్‌లో పక్క బ్రాకెట్‌కు 280 రేడియేటర్ (రెండు 140 మి.మీ. ఫ్యాన్లది) కూడా పడుతుంది. ఎక్కడ పెట్టినా ఒక నియమం తప్పకూడదు: రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. లోపల కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, అది ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపే అయితే గరగరమనే శబ్దం మొదలవుతుంది, పంపు అరుగుతుంది. క్యాబినెట్ అడుగున రేడియేటర్ వేయమని సలహా ఇచ్చేవాళ్లను పట్టించుకోకండి.

సీలు చేసిన కిట్టా, విడి భాగాల కిట్టా? మొదటిసారికి సీలు చేసినదే. విడి కిట్‌లో బ్లాక్, పంపు-రిజర్వాయర్ (పంపుతో కలిసిన నీళ్ల తొట్టి), రేడియేటర్, గొట్టం, ఆరు ఫిట్టింగులు, కూలెంట్ (లోపల తిరిగే ద్రవం) వస్తాయి. ఫిట్టింగుల మర జీ1/4, అది దాదాపు అన్నిటికీ ఒకటే. గొట్టం మాత్రం 10/13, 10/16 (లోపలి, బయటి వ్యాసం మి.మీ.లో) అని రెండు మూడు కొలతల్లో ఉంటుంది, ఫిట్టింగ్ దానికి సరిపోయినదే కావాలి. ఇందులో సరదా ఉంది, నేర్చుకునేది చాలా ఉంది, కానీ 18 లీటర్ల డబ్బాలో రిజర్వాయర్‌కు చోటు వెతకడమే ఒక పెద్ద పని. పైగా 24 గంటల లీకు పరీక్ష, ఏడాదికోసారి నీళ్ల మార్పు. అల్యూమినియం రేడియేటర్, రాగి బ్లాక్ కలిపి చవకగా అమ్మే విడి కిట్లు అసలు ముట్టుకోవద్దు. రెండు లోహాలూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది. సీలు చేసిన వాటిలోనూ ఎక్కువగా ఈ జతే ఉంటుంది. అక్కడ కంపెనీ తుప్పు ఆపే ద్రవం కొలిచి నింపి మూసేస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి నడుస్తుంది. మీరు విప్పి మామూలు నీళ్లు పోస్తే ఆ రక్షణ పోయినట్టే. ఆర్వో నీళ్లైనా, బ్యాటరీ నీళ్లైనా అంతే.

సీలు చేసినవాటిలో కూడా తేడా చూడండి. గొట్టం గోడల్లోంచి నీళ్లు ఏళ్ల మీద కొద్దికొద్దిగా ఆవిరవుతాయి, వేడి ప్రాంతంలో ఇంకాస్త త్వరగా. తిరిగి నింపే మూత ఉన్న రకం (బీ క్వైట్ ప్యూర్ లూప్‌లో ఉంది, చిన్న కూలెంట్ సీసా కూడా ఇస్తారు) మనకు ఇందుకే పనికొస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే మా ఓటు దానికే. పంపు మీద తెర, లైట్ల కోసం మాత్రం రూపాయి ఎక్కువ పెట్టకండి.

బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ త్వరగా చూసేద్దాం. ఇంటెల్ సాకెట్లు ఎల్‌జీఏ1700, 1851 రెండిటికీ ఒకే బ్రాకెట్. పాత 1200 బ్రాకెట్ వాటికి పట్టదు, రంధ్రాల దూరం 75 మి.మీ. నుంచి 78కి మారింది. ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్ బోర్డు వెనక పలక ఊడదు. కాబట్టి సొంత పలక అడిగే పాత కిట్ దానికి పనికిరాదు.

బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న చోట దుమ్ము నల్లగా, మెత్తగా ఉంటుంది, రెక్కల సందుల్లో ముద్దలా అతుక్కుంటుంది. అయస్కాంతంతో అతికే సన్నజాలి రేడియేటర్ ముందు పెట్టి, పదిహేను రోజులకోసారి దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

కొనేది నాగ్‌పూర్ సీతాబర్డీలోనైనా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా, రెండు ప్రశ్నలు అడగండి. వారంటీలో కిట్ ఏ ఊరికి పంపాలి? లీకయి బోర్డు, కార్డు పాడైతే అవి కూడా వారంటీలోకి వస్తాయా? రెండోదానికి జవాబు కాగితం మీద ఉండాలి, దుకాణదారు మాట చాలదు.

నాలుగో పాఠానికి ముందు ఈ అభ్యాసం చేయండి. మధ్యాహ్నం మూడింటికి గది ఉష్ణోగ్రత, కప్పు నుంచి ర్యామ్ దాకా దూరం, పక్క బ్రాకెట్ పొడవు–వెడల్పు, గ్రాఫిక్స్ కార్డు కొస నుంచి ముందు గోడ దాకా ఖాళీ, ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు – ఈ ఐదూ ఒక కాగితం మీద రాయండి. గది ఉష్ణోగ్రతకు 142 వాట్ల చిప్ అయితే 50, 88 వాట్లది అయితే 30 కలపండి. వచ్చిన మొత్తం మీ చిప్ హద్దుకు పది డిగ్రీల కంటే దగ్గరగా వచ్చినా, హద్దు దాటినా 240 వదిలి 280 చూడండి. 280కి చోటు లేకపోతే ఎకో మోడ్ పెట్టి మళ్లీ లెక్క వేయండి. 88 వాట్ల చిప్ ఉండి, క్యాబినెట్‌లో 150 మి.మీ. ఎత్తున్న గాలి కూలర్ పట్టేలా ఉంటే నీళ్ల జోలికి పోకుండా అదే కొనండి, సగం ధరలో అయిపోతుంది. మిగిలినవాళ్లం నాలుగో పాఠంలో బ్రాకెట్ బిగించడం, పేస్ట్ రాయడం, పంపు తీగ ఏ పిన్నుకు తగిలించాలో చూద్దాం.