ఎండలో ఆగిపోయే పికప్ బండి: ఈసీయూ మార్చేముందు ఇవి చూడండి

సమస్య: పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకున్న బండి, మధ్యాహ్నం లోడుతో వెళ్తుంటే ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అరగంట నీడలో పెడితే మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది.

పోయిన మే నెలలో బాటసింగారం మార్కెట్‌కు మామిడికాయలు తీసుకెళ్తూ హయత్‌నగర్ దాటాక నాకిదే జరిగింది. చూసిన మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయిందన్నాడు. నిజానికి పోయింది క్రాంక్ సెన్సర్. ఈసీయూ ధరతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది!

కారణం: క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ఎంత వేగంతో తిరుగుతోందో ఈ సెన్సరే ఈసీయూకి చెబుతుంది. ఆ సిగ్నల్ లేకపోతే చాలా బండ్లలో ఈసీయూ డీజిల్ వదలదు. చాలా సెన్సర్లలో సన్నటి తీగచుట్ట ఉంటుంది. అందులో ఎక్కడైనా పగులుంటే వేడికి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. బండి ఆపిన వెంటనే ఇబ్బంది ఎక్కువవడానికీ కారణముంది. గాలి, కూలెంట్ రెండూ ఆగిపోవడంతో బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది.

ఎలా పట్టుకోవాలి: బండి ఆగినప్పుడే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. సున్నా మీద నుంచి కదలకపోతే అనుమానం సెన్సర్ మీదే. తాళం తీసేసి, తడి తువ్వాలును సెన్సర్ మీద రెండు మూడు నిమిషాలు ఉంచండి. సైలెన్సర్ పైపు తగలకుండా చూసుకోండి. మా బండి అలా పెట్టగానే స్టార్టయింది, తువ్వాలు మాత్రం పొగలు కక్కింది. స్కానర్‌లో (లోపాల కోడ్‌లు చదివే పరికరం) క్రాంక్ సెన్సర్ కోడ్ పీ0335 వస్తే ఇంకా నమ్మకం. కోడ్ రాకపోయినా సెన్సర్ బాగుందని అనుకోవద్దు.

పరిష్కారం: సెన్సర్ మార్చి, కప్లర్ (వైరు చివర ఉండే ప్లగ్గు) క్లిప్ గట్టిగా కూర్చుందో లేదో చూసి, వైరు వేడి పైపుకు దూరంగా కట్టించండి.

తాళం తిప్పినా చెక్ లైట్ వెలగక, స్కానర్ కూడా కలవకపోతే దారి వేరు. ఈసీయూకి కరెంటే అందకపోవచ్చు. ఫ్యూజు, మెయిన్ రిలే (ఈసీయూకి కరెంటు కలిపే స్విచ్) చూడండి. నంబరు ఒకటే అయితే పక్క రిలే తీసి పెట్టి చూడొచ్చు. తర్వాత ఎర్త్. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే అర వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు విప్పి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, బిగించండి.

టెంపరేచర్ ముల్లు పైకెక్కుతూ బండి లాగుడు తగ్గితే అది ఈసీయూ లోపం కాదు, ఈసీయూ ఇంజిన్‌ను కాపాడుతోంది. రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ చూపించండి. వేడిమీద రేడియేటర్ మూత తీయవద్దు.

వేడిగా ఉన్నప్పుడు కరెంటు, ఎర్త్ రెండూ సరిగ్గా అందుతున్నా ఈసీయూ స్కానర్‌కు పలకకపోతే, అప్పుడే దాన్ని అనుమానించండి. బోర్డులో టంకం పగిలి ఉండొచ్చు, రిపేర్‌కు ఇవ్వండి. కొత్తది వేస్తే చాలా బండ్లకు అది తాళాన్ని గుర్తుపట్టేలా కోడింగ్ చేయించాలి. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తప్పకుండా తీసేయండి.