ఉప్పు కాగితం మీద అక్షరాలు: ఇంట్లో మాంటిస్సోరి పద్ధతిలో తెలుగు నేర్పడం ఎలా?

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. ఆ వేలికి తెలిసేవి రెండే: బియ్యం గరుకు, మన చేతి బిగింపు. మర్నాటికి బియ్యం డబ్బాలోకి వెళ్లిపోతుంది, వర్క్‌బుక్ వస్తుంది. బిగింపు మాత్రం అలాగే ఉండిపోతుంది. మాంటిస్సోరి పద్ధతి సరిగ్గా దీన్ని తిరగేస్తుంది. గరుకును ఉంచి, చేతిని వదిలేస్తుంది.

ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోములో శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. చదువు చెప్పమని తల్లులు అడిగితే చెక్క అక్షరాలు చేయించాలనుకుంది. చేసిపెట్టేవాళ్లు దొరకలేదు. చివరికి అట్టలూ ఉప్పు కాగితమూ తెచ్చి కత్తిరించుకున్నారు. కొన్నాళ్లకు డిసెంబరులో ఒక ఎండ పూట, మేడ మీద ఒక పిల్లాణ్ని సుద్దముక్కతో పొగగొట్టం బొమ్మ వేయమంటే, వాడు వేసి, ఉన్నట్టుండి 'నాకు రాయడం వచ్చేసింది' అని అరుస్తూ నేల మీద చేయి, పొగగొట్టం, కప్పు అన్న మాటలు రాసేశాడట. అప్పటిదాకా వాడిచేత ఎవరూ కలం పట్టించి మాట రాయించలేదు. వేలితో దిద్దాడు, విడి అక్షరాలు పేర్చాడు, అంతే. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. యుద్ధం వల్ల 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయింది.

అదే పని తెలుగు అక్షరాలతో ఇంట్లో ఎలా చేయాలో చెప్తాను. మూడున్నర, నాలుగేళ్ల మధ్య మొదలుపెడితే బాగుంటుంది. అయిదు నిండినా పర్వాలేదు గానీ, అప్పటికే పెన్సిల్‌తో విసిగిపోయి ఉంటే ముందు నెలరోజులు ఆ పెన్సిల్ దాచేయండి.

ముందు వేళ్ల పని

అక్షరాల జోలికి వెళ్లకముందు ఒక నెల వంటింట్లో గడపాలి. ఒక చిన్న ట్రేలో రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో శనగలు పోయండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఈ మూడింటితో ఒక్కో గింజా రెండో గిన్నెలోకి మార్చాలి. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లే. (మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు. మూడు దాటినా మీరు పక్కనే ఉండండి.) చిన్న చెంబుతో గ్లాసులోకి నీళ్లు ఒంపడం, చపాతీ పిండి ఉండలు చేయడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడే మీకూ పరీక్ష. నీళ్లు ఒలుకుతాయి. మీ చెయ్యి దానంతట అదే ముందుకు వస్తుంది. ఆపుకోండి. ట్రే పక్కన ఒక గుడ్డముక్క పెట్టి, తుడవడం ఎలాగో ఒక్కసారి చూపించండి. ఒలికిన నీళ్లే తప్పు చెప్తాయి, మీరు చెప్పక్కర్లేదు.

తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి ఇంకో పని కలపండి. కాగితం మీద గ్లాసు బోర్లించి, చుట్టూ రంగు పెన్సిల్ తిప్పి, లోపలంతా గీతలతో నింపమనండి. పలక మీద ఒత్తి ఒత్తి సున్నాలు చుట్టించడం కన్నా ఇది మేలు. వంపు తిప్పేది గ్లాసు అంచే, మీరు కాదు.

పలకల తయారీ

ఇక్కడ పలక అంటే రాసే పలక కాదు, గరుకు అక్షరం ఉన్న అట్ట. కావలసినవి: గట్టి అట్టలు, నీలం, గులాబీ రంగు కాగితాలు, ఫెవికాల్, ఒక బ్రష్, ఇసుక లేదా ఉప్పు కాగితం. హార్డ్‌వేర్ షాపులో శాండ్ పేపర్ అన్నా ఇస్తారు. 120 నంబరుకీ 180 నంబరుకీ మధ్యది తీసుకోండి. అంతకన్నా గరుకైతే వేలు మండుతుంది, మరీ నున్ననైతే దిద్దినట్టే ఉండదు.

అట్టను ఇంచుమించు 15 సెంటీమీటర్ల ఎత్తు, 12 వెడల్పున కోయండి. అచ్చులకు నీలం, హల్లులకు గులాబీ అంటించండి. అక్షరం ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తుండాలి. గీత మందం మీ పిల్ల వేలు వెడల్పంత.

ఉప్పు కాగితం కత్తిరించేవాళ్లకు ఒక హెచ్చరిక. గరుకు వైపు పెన్సిల్ నడవదు కాబట్టి అక్షరం వెనక వైపు గీస్తాం. అప్పుడు అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. నా మొదటి విడతలో ఎనిమిది అక్షరాలు ఎడమ కుడి తారుమారై వచ్చాయి, కత్తెర కూడా మొద్దుబారింది. పైగా ప, వ, మల్లో ఉన్న లోపలి ఖాళీలు కత్తిరించడం ఇంగ్లీషు అక్షరాలంత సులువు కాదు.

అందుకే నేను ఇప్పుడు ఇసుకే వాడతాను. సన్నని ఇసుకను జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టాలి. అట్ట మీద పెన్సిల్‌తో అక్షరం గీసి, దాని మీద బ్రష్‌తో ఫెవికాల్ పూయండి. నేరుగా సీసా ముక్కుతో పిండితే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. తడి ఆరకముందే ఇసుక చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న అట్టను తిరగేసి తట్టితే అంటుకోని ఇసుక రాలిపోతుంది. ఇసుక బదులు బొంబాయి రవ్వ చల్లితే? చల్లాను. వారం తిరక్కుండానే చీమలు 'మ' మొత్తం దిద్దేశాయి.

చివరగా, మీరు ఆ అక్షరాన్ని కాగితం మీద మామూలుగా రాసి చూసుకోండి. కలం ఎక్కడ మొదలైందో అక్కడ పలక మీద ఒక ఆకుపచ్చ చుక్క పెట్టండి. అమ్మ ఒక వైపు నుంచి, నాన్న ఇంకో వైపు నుంచి రాసే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ పంచాయితీ పిల్ల ముందు కాకుండా ముందే తేల్చుకోండి.

ఏ అక్షరాలు ముందు?

అ నుంచి ఱ దాకా వరసలో వెళ్లకండి. మూడేసి చొప్పున, చూపుకీ చెవికీ దూరంగా ఉండేవి ఎంచుకోవాలి. ప, వ, మ చూపుకి దగ్గర. ర, ల చిన్న నోటికి దగ్గర. బ, భ లాంటి జంటలైతే రెండు వైపులా దగ్గరే. వీటిని ఒకే రోజు పక్కపక్కన పెట్టకండి.

నేను మొదలుపెట్టేది క, ల, మలతో. తర్వాత త, ప, ర. ఆ తర్వాత గ, డ, వ. ఇలా ఎందుకంటే, హల్లు మీద 'అ' ముందే ఉండటం వల్ల తెలుగు పిల్లకి అచ్చుల కోసం ఆగే పని లేదు. మూడు పలకలకే కల, కమల. ఆరుకి తల, లత, మర, పలక, మమత. తొమ్మిదికి వల, వడ, గడప, పడవ, కడవ, పడగ, మడత, తలగడ. ఒక్క గుడీ కొమ్మూ లేకుండా ఇన్ని మాటలు! ఇంకో వరం కూడా ఉంది. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, పలికేది ఒకటి. మనకు 'మ' పేరు మ, శబ్దమూ మ. పిల్ల పేరులో మొదటి అక్షరం వేరేదైతే దాన్ని మొదటి వారంలోనే కలిపేయండి. వరస కన్నా తన పేరు ముద్దు.

మూడు మెట్ల పాఠం

ఫ్రెంచి వైద్యుడు సెగాన్ వాడిన పద్ధతిని మాంటిస్సోరి తీసుకుంది. పదినిమిషాల పని.

కూర్చునే ముందు పిల్ల చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడవండి. వేలికొసలకు స్పర్శ బాగా తెలుస్తుంది. మీరు పిల్లకి ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే మీకు సరిగా ఉన్న అక్షరం తనకు తలకిందులు.

మొదటి మెట్టు: ఒక పలక ముందు పెట్టండి. చూపుడువేలు, నడిమి వేలు కలిపి, ఆకుపచ్చ చుక్క నుంచి మీరే మెల్లగా దిద్దండి. పూర్తయ్యాక 'మ' అనండి. 'మ ఫర్ మంచం' లాంటివి వద్దు, శబ్దం ఒక్కటే. రెండుసార్లు దిద్ది పలకను తన వైపు జరపండి. తనే దిద్దుతుంది. వేలు గీత దాటితే నున్నటి కాగితం తగులుతుంది, తనే వెనక్కి వస్తుంది. మీ చేతులు మీ ఒళ్లో ఉంచుకోండి. పద్ధతి మొత్తంలో కష్టమైన భాగం ఇదే.

రెండో మెట్టు: మూడు పలకలూ పరిచి ఆట మొదలుపెట్టండి. 'మ ఏదమ్మా? దాన్ని సోఫా మీద పెట్టు. కని నా చేతికివ్వు. లని దాచెయ్.' ఎక్కువసేపు ఉండాల్సింది ఈ మెట్టు మీదే. మన ఇళ్లల్లో దీన్ని దాటేసి మూడోదానికి ఉరుకుతాం.

మూడో మెట్టు: ఒకటి చూపించి 'ఇది ఏమిటి?' అని అడగడం. రెండో మెట్టు ఎక్కడా తడబడకుండా దాటితేనే అడగండి.

తడబడితే 'కాదు, తప్పు' అనకండి, సరైనదీ చెప్పకండి. 'సరే, ఇవాళ్టికి పలకలు లోపల పెట్టేద్దామా' అని ముగించి, రేపు మళ్లీ మొదటి మెట్టు. బంధువులొచ్చినప్పుడు సోఫా ముందు నిలబెట్టి మూడో మెట్టు ఆడించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

దిద్దడం బాగా అలవాటయ్యాక ట్రేలో పలచగా ఇసుకో బియ్యప్పిండో పరిచి, పలక పక్కన పెట్టండి. పలక మీద దిద్దిన వేలితో ట్రేలో రాస్తుంది. నచ్చకపోతే ట్రే ఊపేస్తుంది. రబ్బరు వెతకక్కర్లేదు, కాగితం చిరగదు.

పేర్చి రాయడం

తొమ్మిది అక్షరాలు వచ్చాక, అవే అక్షరాలు అగ్గిపెట్టె సైజు అట్టముక్కల మీద రాసి గళ్ల డబ్బాలో వేయండి. ఒక్కోటి కనీసం నాలుగు ఉండాలి, మమత ఒక్కతే రెండు మలు అడుగుతుంది. 'పడవలో ముందు ఏం వినిపిస్తోంది?' అని అడగండి. ప. తర్వాత? డ. తర్వాత? వ. తనే వెతికి పేరుస్తుంది.

ఇది రాయడమే. చెయ్యి ఇంకా గట్టిపడకపోయినా, మాట తన తలలోంచి బయటికి వచ్చేసింది. దాన్ని వెంటనే చదవమని అడగకండి. చదవడం వెనకాల, చాలాసార్లు నెలల తర్వాత వస్తుంది. మా అమ్మాయి అడగకుండా పేర్చిన మొదటి మాట 'వడ'. ఆ సాయంత్రం మినప్పప్పు నానబెట్టక తప్పలేదు.

అమెరికాలోనో దుబాయిలోనో ఉండి తెలుగు నేర్పేవాళ్లు రెండు భాషల డబ్బాలూ వేరుగా, వేరు అరల్లో పెట్టండి. రెండూ ఒకే పూట తీయకుండా ఉంటే చాలు.

గుణింతం, ఒత్తులు

అయిదు దాటాక గుణింతం. 'కకు గుడిస్తే కి' అని పాడించే ముందు చేత్తో చూపించవచ్చు. పలచటి ప్లాస్టిక్ షీటు ముక్కల మీద తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము మార్కర్‌తో విడివిడిగా రాయండి. అట్టముక్క మీద క, త, గ, ర, డలను తలకట్టు లేకుండా రాయండి. మీద తలకట్టు పెడితే క, దాన్ని తీసి గుడి పెడితే కి. తలకట్టు అంటే అలంకారం కాదు, అది 'అ' అనే సంగతి పిల్లకి నోటితో చెప్పకుండానే తెలిసిపోతుంది. ల, ట, జ, బ, ణలకు తలకట్టే ఉండదు, మి, యి మాటవినవు. వాటిని మామూలుగా నేర్పి వదిలేయండి.

ఒత్తులు ఒకటో తరగతి వయసులో. కానీ ఒక చిక్కుంది. పిల్లలకు ముందు రాయాలనిపించేది అమ్మ. ఒత్తు. నాన్న? ఒత్తు. అక్క, అన్న, అవ్వ, పిన్ని, అందరూ ఒత్తులే. అడిగినప్పుడు అమ్మ, నాన్న అని రెండు చీటీలు రాసి ఇచ్చేయండి, విడమర్చి చెప్పకండి, బొమ్మలా గుర్తుపెట్టుకుంటుంది. ఒత్తు లేకుండా దీర్ఘం ఒక్కటి పెడితే వచ్చే చుట్టాలు తాత, మామ. మా ఇంట్లో డబ్బాలోంచి మొదట బయటికి వచ్చిన మనిషి తాతే. ఆయన ఆ నాలుగు ముక్కలూ, అంటే రెండు 'త'లూ, ఒక తలకట్టూ, ఒక దీర్ఘమూ, కళ్లజోడు పెట్టెలో వేసుకుని ఊరు వెళ్లిపోయారు. నేను మళ్లీ రెండు 'త'లు చేయాల్సి వచ్చింది.