ఇసుక నుంచి గురుశిఖర్ దాకా, బండి మీద

రాజస్థాన్‌లో జైసల్మేర్, బార్మేర్, జాలోర్, మౌంట్ అబూ. ఈ దారికి ఫిబ్రవరి చివర, మార్చి మొదలే సరి. ఏప్రిల్ వస్తే ఎండ మాడ్చేస్తుంది. హైదరాబాద్ వాళ్లయితే బండిని రైల్లో పార్సిల్ వేసేయండి, ట్యాంకు ఖాళీ చేసి.

జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక తిన్నెల్లోకి దిగేముందు టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి. ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, బరువు కాస్త వెనక్కి వేసి, రేజ్ వదలకుండా పోనివ్వాలి. ముందు బ్రేకు జోలికి పోవద్దు. బండి అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. హ్యాండిల్‌తో కుస్తీ పట్టారో, పడ్డట్టే. తారు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, చిన్న పంపు ఉండాల్సిందే. చైన్‌కి ఆయిల్ దట్టంగా పూస్తే ఇసుకంతా దానికే. చీకట్లో నడపకండి, ఒంటెలకు టెయిల్ లైట్లుండవు!

కొండ కింద ఉన్న అబూ రోడ్ ఊరి నుంచి మౌంట్ అబూకి ఘాట్ మలుపులే. దిగేటప్పుడు చిన్న గేరులోనే రండి. మౌంట్ అబూలో 1,722 మీటర్ల శిఖరం గురుశిఖర్ మీద పొద్దున్నే చలి; స్వెటర్ బ్యాగులో పైనే పెట్టుకోండి.