వేసవిలో ఇంటి వ్యాయామం: కళ్లు తిరగకుండా ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎండలు ముదిరినప్పటి నుంచి రోహిణి కార్తె ముగిసే జూన్ తొలివారం దాకా, ఉదయపు నడక మానుకుని ఇంట్లోనే ఫోనులో వీడియో పెట్టుకుని వ్యాయామం చేసేవారు చాలామంది ఉంటారు. ఎండ తగలదు కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదని వారి నమ్మకం. కానీ పట్టిన చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. విజయవాడ, కాకినాడ వంటి చోట్ల ఉక్కపోతలో, తలుపులు మూసిన గదిలో చెమట కారిపోతుందే గాని ఆరదు. నీళ్ల కూలరు పెట్టుకుని కిటికీ తెరవకపోతే గదిలో తేమ మరింత పెరుగుతుంది. అందుచేత తెల్లవారుజామునే, కిటికీలు తెరిచి, వదులైన నూలు బట్టలతో మొదలుపెట్టాలి. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కనుక, తొలిరోజుల్లో 10 లేక 15 నిమిషాలకు మించకపోవడం మంచిది.

నిరుడు మే నెలలో మా చెల్లెలు గుంజీళ్ల వంటి స్క్వాట్లు వరుసగా చేసి, వీడియోలో విరామం రాగానే చటుక్కున కదలకుండా నిలబడిపోయింది. చెవుల్లో హోరు, పెదవుల చుట్టూ చల్లని చెమట, చూపు అంచుల నుంచి లోపలికి నల్లగా కమ్ముకోవడం, అన్నీ కొన్ని క్షణాల్లోనే జరిగిపోయాయి. గోడ కోసం చాచిన చేతికి బీరువా పిడి అందబట్టి పడిపోలేదు. ముందురోజు రాత్రి ఎనిమిదికి రెండు పుల్కాలు తిన్న తరువాత ఆమె కడుపులో పడింది ఒక్క కాఫీ మాత్రమే.

అలా జరగడానికి కారణం తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో అర్థమవుతుంది. వ్యాయామం చేస్తున్నంతసేపూ కాళ్ల కండరాలు బిగుస్తూ సడలుతూ రక్తాన్ని గుండె వైపు నెడుతుంటాయి. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారి ఉన్న సమయంలో ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి, మెదడుకు అందవలసినది కాసేపు తగ్గుతుంది. అందుకే వ్యాయామం ఎలా చేయాలన్న దానికన్నా ఎలా ఆపాలన్నది ముందు నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. చివరి 5 నుంచి 10 నిమిషాలు ఉన్నచోటనే మెల్లగా అడుగులు వేస్తూ ఊపిరి నెమ్మదించేదాకా కదులుతూనే ఉండాలి. నేల మీద పడుకుని చేసేవాటినీ నిలబడి చేసేవాటినీ వెంటవెంటనే మార్చి చేయకూడదు. లేవవలసి వస్తే పక్కకు తిరిగి, కూర్చుని, ఒక మోకాలి మీద కాసేపు ఆగి అప్పుడు లేవాలి. బరువులు ఎత్తేటప్పుడు, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిలిపి ఉంచే ప్లాంక్‌లో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు త్వరగా కరుగుతుందన్న ఆశతో నీరసం తెచ్చుకోవద్దు. అరగంట ముందు ఒక అరటిపండు గాని, రెండు మూడు ఖర్జూరాలు గాని, చిన్న గ్లాసు రాగి జావ గాని చాలు. కడుపునిండా భోజనం చేస్తే రెండు మూడు గంటలు ఆగాలి. ఉపవాసం ఉన్న రోజున కఠినమైన వ్యాయామం మానేసి తేలికగా ఒళ్లు సాగదీసుకుంటే సరిపోతుంది. నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా ముందు ఒక గ్లాసు, మధ్యమధ్య కొన్ని గుక్కలు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే అప్పటికే నీళ్లు చాలలేదని గుర్తు. చెమట బాగా పట్టిన రోజున ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది, అయితే బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు విషయంలో తమ వైద్యుని మాటే వినాలి.

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్రలు వాడేవారు వ్యాయామానికి ముందు వేలి రక్తంతో షుగర్ చూసుకుని, 100 లోపు ఉంటే ఏదైనా తిన్న తరువాతే మొదలుపెట్టాలి. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి. బి.పి. మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని తగ్గించి, షుగర్ పడిపోయినప్పుడు కలిగే గుండెదడను కూడా తెలియనివ్వవు. అంతమాత్రాన మాత్రలు సొంతంగా మానేయకూడదు. వేళ మార్చవచ్చునేమో వైద్యుణ్ణి అడగాలి.

తిండి, నీళ్లు, నిద్ర సరిగ్గా ఉన్నా వారాల తరబడి మెట్లెక్కితేనే ఆయాసం, నిస్సత్తువ ఉంటే లోపం వ్యాయామంలో వెతకకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. అద్దం ముందు కింది కనురెప్పను కిందికి లాగి చూసినప్పుడు లోపలి పొర ఎర్రగా కాకుండా పాలిపోయి ఉంటే అనుమానించాలి, కానీ తేల్చేది రక్తపరీక్షే: గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు, పురుషులలో 13 లోపు ఉంటే రక్తహీనతే. థైరాయిడ్, బి12 కూడా చూపించుకోవడం మంచిది. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే మేలు చేస్తుంది.

ఇంట్లో ఒంటరిగా చేసేవారు గది తలుపుకు గడియ వేసుకోవద్దు, గాజు బల్లలు పక్కకు జరపండి, ఫోను నేల మీద నుంచి అందేంత దగ్గర ఉంచండి. కళ్లు తిరుగుతున్నట్టు అనిపించగానే ఆ వరుస పూర్తి చేద్దామని చూడకుండా ఉన్నచోటే కూర్చుని, వెల్లకిలా పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టుకోండి. నీళ్ల కోసం వంటింటికి నడవడంలోనే చాలామంది పడిపోతారు. తేరుకున్నాక ఆ రోజుకు వ్యాయామం ఆపేయండి. ఛాతీలో నొప్పి లేదా బిగువు, వ్యాయామం మధ్యలోనే స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం వంటివి కనబడితే వెంటనే 108కు ఫోను చేయాలి. ఒళ్లు కాలిపోతూ మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావచ్చు: అంబులెన్సు వచ్చేలోగా ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ గట్టిగా విసరాలి. స్పృహ లేని మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు.